తోస్తే ఒకటి, లాగితే ఒకటి

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, మధ్యాహ్నం రెండు గంటలైందంటే హేమమాలిని మిద్దె మీద నుంచి తల బయటపెట్టి కేకేస్తుంది.

"ఖమ్రున్నీసక్కా, ఈపొద్దు ఏ దేశం పెడతాండావు?"

ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఖమ్రున్నీసా ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి చెబుతుంది. వాన దేశమైతే హేమమాలిని ఆరేసిన వడియాల చాప చుట్టుకుని లోపలికి పోతుంది. మంచు దేశమైతే గుడ్డల కొట్లో ఉన్న మొగుడికి అన్నం క్యారియరు పంపేసి, పీట తెచ్చుకుని అరుగు మీదికే వచ్చేస్తుంది. ఆ ఎండాకాలమంతా సందులో వాళ్ల మధ్యాహ్నాలు అట్లా గడిచాయి.

ఖమ్రున్నీసా పెట్టేవి కాన్సర్టీనా అనే పెట్టె వాయించే వీడియోలు. రెండు అరచేతుల మధ్య ఇమిడే ఆరు మూలల పెట్టె, మధ్యలో తిత్తి, రెండు పక్కలా బొత్తాలు. ఏ దేశం మనిషి వాయిస్తే ఆ దేశపు గాలి ఫోనులోంచి వచ్చేది. ఇదెట్లా అని ఎవరూ అడగలేదు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో, కరెంటు లేని పూట, చల్లగాలి దానంతటదే వస్తుంటే ఆధార్ కార్డు చూపించమనేవాడెవడు?

ఆ ఇంటాయన అల్లాబక్ష్ హార్మోనియంల మేస్త్రీ. నలభై అయిదేళ్లుగా భజన మందిరాల పెట్టెలూ నాటకాల వాళ్ల పెట్టెలూ ఆయన చేతి మీదుగానే బాగుపడుతున్నాయి. తిత్తుల పని మాత్రం ఖమ్రున్నీసాది. అట్ట మడతలు పెట్టి, గుడ్డ అతికి, మూలలకు పలచటి తోలు వేయడంలో ఆమెను మించినవాళ్లు కడప జిల్లాలోనే లేరని ఆయన అందరికీ చెబుతాడు, ఆమెకు తప్ప. తోలు అతికే కొత్త పద్ధతులేమైనా ఉన్నాయేమోనని ఆమె ఒకరోజు ఫోనులో వెతికింది. ఫోను సంగతి తెలిసిందేగా. ఒకటి అడిగితే పది చూపిస్తుంది. ఆ పదిలో ఒకటి ఈ పెట్టె.

ఐర్లాండులో ఎక్కడో ఒక వంటింట్లో, పొయ్యి పక్కన కూర్చుని ఒక ముసలామె వాయిస్తోంది. మొదటి స్వరానికే సన్నటి తుంపర వచ్చి ఖమ్రున్నీసా దుపట్టా మీద పడింది. ఆమె ఫోను అద్దం తుడుచుకుని మళ్లీ చూడసాగింది.

అల్లాబక్ష్ పనిలోంచి తలెత్తాడు.

"ఏమ్మే, ఇట్లాంటిది మన అటక మీద ఉండాది గదా. పుల్లమ్మక్క పెట్టె."

"అదే. అందుకే చూస్తాండా."

ఆయన కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. జాలిగా నాలుక చప్పరించాడు. "పాపం, చెడిపోయిన పెట్టె వాయిస్తాండాది ముసలామె. చూడు, అదే బొత్తాం. తిత్తి లోపలికి తోస్తే ఒక స్వరం, బయటికి లాగితే ఇంకో స్వరం. పుల్లమ్మక్క పెట్టెకు గూడా ఇదే రోగం ఉండె. నేను బాగుచేసినా."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం ఉంది. హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే తిత్తి ఎట్లా ఊపినా ఒకటే స్వరం. పొద్దున సా అయింది సాయంత్రం రి కాదు. అల్లాబక్ష్‌కు తెలిసిన లోకం అది.

మర్నాడు ఎర్రమట్టి దారిలో నడుస్తూ వాయించే దక్షిణాఫ్రికా మనిషి వచ్చాడు. అరుగంతా దుమ్ము. ఆ పెట్టెకూ అదే రోగం. మూడోరోజు ఇంగ్లండులో పచ్చిక మీద, కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఎగిరే మగవాళ్లు వచ్చారు. వాళ్ల పెట్టెకూ అదే. అల్లాబక్ష్ మాట్లాడడం తగ్గించాడు. అయిదోరోజు కళ్లజోడు పెట్టుకుని భార్య పక్కన కూర్చున్నాడు. ఆరోరోజు ఒక రేవు ఊరి ముసలాయన, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఒక్కొక్క బొత్తామే నొక్కి, తోసి ఒకసారి, లాగి ఒకసారి, ఓపిగ్గా వినిపించాడు. చేపల వాసనతో ఉప్పుగాలి వీచింది. హేమమాలిని శాకాహారి కాబట్టి ముక్కు మూసుకుంది, కానీ పీట మీద నుంచి మాత్రం లేవలేదు.

అల్లాబక్ష్ చేతిలోని ఆకురాయి కింద పెట్టేశాడు. లోకంలో ఉన్న పెట్టెలన్నీ చెడిపోయి ఉండవు.

"ఏమ్మే," అన్నాడు నెమ్మదిగా, "అది రోగం కాదు. ఆ పెట్టె చేసిందే అట్ల."

పుల్లమ్మ జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో ఆయా. పదిహేనేళ్లప్పుడు పనిలో చేరింది. అక్కడి నర్సు దొరసాని ఒకామె ఆమెకు ఈ పెట్టె వాయించడం నేర్పి, తన దేశం వెళ్లిపోతూ పెట్టెను ఆమెకే ఇచ్చేసింది. ఆ తర్వాత కాన్పుల వరండాలో పుల్లమ్మ వాయించని రోజు లేదు. నొప్పులు పడే ఆడవాళ్లు ఆ పాట పట్టుకుని ఊపిరి తీసుకునేవాళ్లు. వేళ దగ్గరపడగానే పెట్టె పక్కన పెట్టి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని లోపలికి పోయేది. పుట్టిన బిడ్డను చేతుల్లోకి తీసుకుని రెండుసార్లు మెల్లగా ఎగరేసినట్టు చేసి బరువు చెప్పేది. తర్వాత కాటాలో పెడితే అంతే ఉండేది. చుట్టుపక్కల పెద్దముడియం దాకా ఆమె హస్తవాసి అంటే అంత నమ్మకం.

ఖమ్రున్నీసా పుట్టిల్లు జమ్మలమడుగే. తొలి కాన్పుకు రెండు దినాలు నొప్పులు పడింది. ఆ రెండు దినాలూ పుల్లమ్మ ఇంటికి పోకుండా వాయించింది. "రెండు కిలోల తొమ్మిదొందలు, మగపిల్లోడు," అన్న మాట ఖమ్రున్నీసాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ పిల్లోడు మొయిన్. ఇప్పుడు కువైట్‌లో ఏసీ మెకానిక్కు.

మొయిన్‌కు అయిదేళ్లప్పుడు పుల్లమ్మ తిత్తి చిరిగిందని పెట్టె తీసుకొచ్చింది. తిత్తి ఖమ్రున్నీసా అతికింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. అల్లాబక్ష్ పెట్టె విప్పి చూసి, స్వరాలు రెండు రకాలుగా రావడం గమనించాడు. నా బిడ్డను తెచ్చిన చేయి కదా, ఊరికే తిత్తి అతికి పంపడమేంది అనుకున్నాడు. ఎవరూ అడగకుండానే పది రోజులు కూర్చుని, లాగుడు స్వరాలిచ్చే ఇరవై రీడ్లు, అంటే గాలికి పలికే సన్నటి ఇత్తడి రేకులు, పీకేసి, తోపుడు స్వరాలకు సరిపోయేట్టు హార్మోనియం రీడ్లు అరగదీసి పెట్టాడు. తీసిన ఇరవైనీ పాత రీడ్ల డబ్బాలో పారేశాడు. కృతజ్ఞతతో చేసిన పని అది. అందుకే అంత శ్రద్ధగా పాడుచేశాడు.

పుల్లమ్మ వచ్చి పెట్టె అందుకుని రెండు వరుసలు వాయించి ఆగింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగింది. వేళ్లు చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది.

"దొరలు చేసిందాని కన్నా బాగుండాది చూడక్కా ఇప్పుడు," అన్నాడు అల్లాబక్ష్, ముఖం విప్పారించుకుని.

పది రోజుల తర్వాత ఆమె పెట్టె తిరిగి తెచ్చి ఇచ్చింది. "పెట్టె బాగుండాదప్పా. నా చేయే పోయింది. నీ కాడ ఉండనీ, వాయించే వాళ్లు ఎవురన్నా వస్తే ఇయ్యి." గడప దాటుతూ ఇంకో మాట అంది. "ఈ చేత్తోనే గదా బిడ్డల్ని పట్టుకునేది. పాటే పట్టలేని చేయి బిడ్డను యట్లా పట్టుకుంటాది? ఇంక కాన్పులకు పోను."

ఆడలేక మద్దెల ఓడంటారు లోకంలో. మద్దెల ఓడైతే ఆడలేకపోయానని అనుకున్నది పుల్లమ్మ ఒక్కతే. మేస్త్రీ మీద ఆమెకు అంత గౌరవం మరి.

ఇదంతా గుర్తుకొచ్చి ఖమ్రున్నీసా ఫోను ఆపేసింది. తర్వాత అన్నది మాత్రం ఒక్కటే మాట.

"నా మొయిన్‌ను తెచ్చిన చేతిని నువ్వు నరికినావు, మొయిన్ అబ్బా."

ఆయన లేచి అటక మీది నుంచి ఆ పెట్టె దించాడు.

పొద్దున్నే మొదటి బస్సుకు జమ్మలమడుగు పోయాడు. పుల్లమ్మ ఇంటికి తాళం. పక్కింటి మైమూన్, ఖమ్రున్నీసాకు వరసకు చెల్లెలు, చాయ్ ఇచ్చి కూర్చోబెట్టింది.

"ఆయమ్మ పులివెందులలో మనవడి కాడ ఉండాది బావా. మహీధర్‌కు పాప పుట్టి మూడు నెలలాయ. పోయి ఏం లాభం? ఆ పాపను ముట్టుకోదంట."

"ముట్టుకోదా?"

"నా చేయి మంచిది కాదు, పడేస్తా అంటాదంట. మహీధర్‌ను గూడా ఎత్తుకోలేదు, నీకు తెలీదా? ముప్పై ఏండ్లయింది ఆయమ్మ ఒక బిడ్డను ముట్టుకుని."

చాయ్ చల్లారిపోయింది. తన పనితనం ఇంత దూరం నడిచి వచ్చిందని అల్లాబక్ష్‌కు అంతవరకూ తెలియదు. ఏడ్చాడు. మైమూన్ చూడనట్టు లోపలికి పోయి ఇంకో చాయ్ పెట్టింది.

తిరిగి రాగానే పెట్టెలో తను వేసిన రీడ్లన్నీ పీకేసి, పాత రీడ్ల డబ్బా అరుగు మీద బోర్లించాడు. నలభై అయిదేళ్ల పాత రీడ్లు, ఆరేడు వందలుంటాయి. అన్నీ ఒకటే నలుపు. అందులో ఆ ఇరవై ఏవి? ఏది ఏ బొత్తాం కిందిది? చీటీ కూడా రాసి పెట్టుకోలేదు. చెత్తలో పడేసేదానికి చీటీ ఎవరు రాస్తారు?

ఖమ్రున్నీసా ఏమీ అనకుండా ఫోను తెచ్చి డబ్బాకు ఆనించి పెట్టింది. రేవు ఊరి ముసలాయన వీడియో. ఉప్పుగాలి మొదలైంది. ముసలాయన మొదటి బొత్తాం నొక్కి తోశాడు. లాగాడు. ఆ లాగుడుకు రీడ్ల కుప్పలో ఎక్కడో ఒకటి 'ఝుం' అంది.

మొగుడూపెళ్లాలు ఒకరినొకరు చూసుకున్నారు.

"మళ్లీ పెట్టు," అన్నాడు ఆయన.

మళ్లీ పెట్టింది. మళ్లీ ఝుంకారం. కుప్పను రెండుగా చేశారు, నాలుగుగా చేశారు, చివరికి ఖమ్రున్నీసా వేళ్ల మధ్య అది సన్నగా వణుకుతూ దొరికింది. పలకాల్సిన గాలి తగలగానే పలికింది, అంతే. మిగతావన్నీ నోరెత్తలేదు. ఆయన దాన్ని తుడిచి, మొదటి అరలో బిగించి, లాగి చూశాడు. సరిగ్గా పలికింది.

ఆ లెక్కన నాలుగు రోజులు పట్టింది. రేవులో పొగమంచు దిగినట్టున్న పూట రీడ్లు చెమ్మగిల్లి పలికేవి కావు. గాలి మరీ ఎక్కువైతే హేమమాలిని గొడుగు పట్టేది. మధ్యలో ఖమ్రున్నీసా డబ్బానూ పెట్టెనూ వీడియో తీసి ఆ ముసలాయనకు పంపింది. ఫోనులో తెలుగులో చెబితే ఫోనే వాళ్ల భాషలోకి మార్చింది. "అన్నా, నీ గాలితో మా తప్పు దిద్దుకుంటాండాం. నువ్వు సల్లగుండాల," అని. మర్నాటికి జవాబు వచ్చింది. మీ వీడియో తెరిస్తే పొయ్యి తెరిచినట్టుంది, మా ఆవిడ వారం రోజుల తడి బట్టలు దాని ముందే ఆరేసింది, ఇంకోటి పంపండి, అని రాశాడాయన. ఖమ్రున్నీసా ఆ పూట హేమమాలిని మిద్దె మీది ఎండను పది నిమిషాలు తీసి పంపింది.

నాలుగోరోజుకు పంతొమ్మిది దొరికాయి. ఇరవయ్యోది దొరకలేదు. ముసలాయన చివరి బొత్తాం లాగుతున్నాడు, కుప్ప ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. పదిసార్లు పెట్టారు. అల్లాబక్ష్ ముఖం పాలిపోయింది. ఒక్క స్వరం తక్కువైతే పుల్లమ్మ చేయి మళ్లీ అక్కడే తడబడుతుంది. మళ్లీ తన చేయే అనుకుంటుంది.

అప్పుడు ఎదురింట్లోంచి కేక వినిపించింది.

"అన్నా! మా భజన పెట్టె దానంతటదే మూలుగుతాంది!"

అల్లాబక్ష్ నుదురు కొట్టుకున్నాడు. ఎప్పుడో హేమమాలిని హార్మోనియంలో ఒక మెట్టు మూగబోతే డబ్బాలోంచి చేతికందిన రీడు వేసింది తనే. పోయి విప్పాడు. అదే.

"ఇది తీస్తే నీ పెట్టెలో ఒక స్వరం పోతాదమ్మా. ఇంకోటి చేసి వేసేదాకా..."

"తీసుకోన్నా. భజనలో ఒక స్వరం తక్కువైతే దేవుడేం అలగడులే."

ముద్దనూరు మీదుగా పులివెందులకు బస్సులో ఖమ్రున్నీసా పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా అల్లాబక్ష్ చెప్పాల్సిన మాటలు వరస పెట్టుకున్నాడు. మహీధర్ ఇంటి ముందు దిగేసరికి అన్నీ మరిచిపోయాడు.

మహీధర్ అరటి మండీలో కాటా దగ్గర పనిచేస్తాడు. ఆ రోజు సెలవు. అతని భార్య వర్షిత పాపను చీర ఉయ్యాల్లో వేసి ఊపుతోంది. పుల్లమ్మ ఉయ్యాలకు బారెడు దూరంలో, గోడకు ఆనుకుని, రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చుని ఉంది. అంత దూరం నుంచే పాపను చూస్తోంది.

"ఎవురూ? ఖమ్రూనా? నీ కొడుకు బాగుండాడా? రెండు కిలోల తొమ్మిదొందలు."

"బాగుండాడక్కా. నీ పేరు చెప్పుకుని బతుకుతాండాం," అంటూ ఖమ్రున్నీసా ఆమె పాదాలు తాకింది.

అల్లాబక్ష్ నిలబడే చెప్పాడు. "అక్కా, నీ చేయి పోలేదు. నేనే తప్పు చేసినా. ఈ పెట్టె తోస్తే ఒకటి, లాగితే ఒకటి పలకాల. అది రోగమనుకుని ఒకటే చేసేసినా. నీకు చెప్పనుగూడా లేదు. నువ్వు వాయించింది సరిగ్గానే వాయించినావు. పెట్టే తప్పు పలికింది."

పుల్లమ్మ అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక చాలాసేపు అతని వైపే చూసింది. ఉయ్యాల ఆగింది.

"ముప్పై ఏండ్లప్పా," అంది చివరికి.

"అవునక్కా."

"ఎంతమంది బిడ్డలో." ఆమె చూపు ఉయ్యాల మీదికి పోయింది. "పెద్దముడియం నుంచి బండి కట్టుకుని వచ్చినారప్పా, పిలుచుకుని పోతామని. రానంటి. వాకిట్లో నిలబడి ఏడ్చినారు. రానంటి."

అల్లాబక్ష్ తల ఎత్తలేదు. ఏం తిట్టినా పడదామనే వచ్చాడు. పుల్లమ్మ తిట్టలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, చంకల్లోంచి చేతులు తీసింది.

"నువ్వు రాకుండా ఉండొచ్చు. ఎవురికి తెల్సు? అయినా వచ్చినావు. ఇట్టియ్యి ఆ పెట్టె."

వేళ్లు పట్టీల్లోకి దూర్చింది. మొదట తోసింది. ఆగింది. తర్వాత, భయపడుతూ, లాగింది. ఆ స్వరం విని చిన్నపిల్లలా నోరు తెరిచింది. ఇంక ఆపలేదు. ముప్పై ఏళ్లు ముడుచుకున్న వేళ్లు దారి అడగకుండానే నడిచాయి. నాలుగు రోజులు రేవు గాలి తాగిన తిత్తిలోంచి చల్లటి ఉప్పుగాలి వచ్చి చీర ఉయ్యాలను దానంతటదే ఊపింది. ఖమ్రున్నీసా ఆ పాట గుర్తుపట్టి గోడకు ఆనుకుని, ముప్పై అయిదేళ్ల కిందట లాగే ఊపిరి తీసుకుంది.

పాట సగంలో ఉండగానే పుల్లమ్మ పెట్టె పక్కన పెట్టేసింది. లేచి కొళాయి దగ్గరికి పోయింది. సబ్బు అడిగింది. మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. వర్షిత తువ్వాలు అందిస్తే వద్దని, చేతులు పైకి పట్టుకుని నీళ్లు కారనిచ్చి, ఆరాక వచ్చి కూర్చుంది.

"బిడ్డను ఇట్టియ్యండి."

వర్షిత మొగుడి వైపు చూసింది. అతను తలూపాడు. పాపను ఆ చేతుల్లో పెట్టింది. పుల్లమ్మ రెండుసార్లు, చాలా మెల్లగా, ఎగరేసినట్టు చేసింది.

"ఐదు కిలోల నూట యాభై."

వర్షిత లోపలికి పరుగెత్తి టీకాల కార్డు తెచ్చింది. నిన్న టీకాకు పోయినప్పుడు తూచి రాశారు. కార్డులో అంతే ఉంది. అల్లాబక్ష్ రెండు అరచేతులూ పైకెత్తి, ముఖానికి రుద్దుకున్నాడు.

మహీధర్ వచ్చి అవ్వ ముందు కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు, మీసాలున్నవాడు, ఆమె మోకాలి మీద చేయి వేసి అడిగాడు.

"నేను పుట్టినప్పుడు ఎంత ఉంటినో అవ్వా?"

"నిన్ను ఎత్తుకోలేదు గదరా నాయనా," అని పుల్లమ్మ బిడ్డను వర్షితకు అందించింది. "లెయ్. ఇట్రా."

అతను లేచి నిలబడ్డాడు. ఆమె అతని నడుం చుట్టూ రెండు చేతులూ వేసి, పళ్లు బిగబట్టి, బలమంతా పెట్టి ఎత్తబోయింది. కాళ్లు నేల మీద నుంచి లేవలేదు. అయినా వదలకుండా, అతని గుండెకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని లెక్కగట్టింది.

"డెబ్బై నాలుగు."

మహీధర్ ఏడుస్తూనే నవ్వాడు. మొన్ననే మండీ కాటా మీద నిలబడి చూసుకున్నాడు. డెబ్బై నాలుగే.